పలకలు కోయడానికి ఎన్ని సీసీల రంపం కావాలి?

ప్రశ్న: నా దగ్గర 45 సీసీ చైన్‌సా ఉంది. మిల్లింగ్ ఫ్రేమ్ (పలక మందం ఒకేలా వచ్చేట్టు రంపాన్ని పట్టి నడిపే చట్రం) బిగించి 20 అంగుళాల దుంగను పలకలుగా కోయబోతే అడుగు దూరం వెళ్ళేసరికే ఇంజను మూలుగుతోంది. పొట్టు పిండిలా రాలుతోంది. చైన్ మారిస్తే సరిపోతుందా?

జవాబు: పొట్టు పిండిలా రాలుతోందంటే పళ్ళు మొద్దుబారాయి. ఆకురాయి పడితే కాస్త నయమవుతుంది గానీ, 20 అంగుళాల దుంగకు 45 సీసీ చాలదు. అడ్డకోత అర నిమిషంలో అయిపోతుంది, ఇంజనుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. నిలువుకోత అలా కాదు. ఎనిమిది అడుగుల దుంగ మీద నిమిషాల తరబడి ఫుల్ థ్రాటిల్‌లో, పూర్తి బరువు మీద నడవాలి. చిన్న ఇంజను ఆ వేడికి తాళలేదు, పిస్టన్ పట్టేస్తుంది.

12 అంగుళాల లోపు దుంగలకు 50-60 సీసీ సరిపోతుంది. 20 అంగుళాలకు కనీసం 70. 30 దాకా వెళ్ళాలంటే 90 సీసీ తరగతి, అంటే స్టిల్ కంపెనీ ఎంఎస్ 661 (91.1 సీసీ) లాంటిది. ఇంకా వెడల్పైతే ఎంఎస్ 881 (121.6 సీసీ) వంటివే గతి. చేవదేరిన గట్టి కలపైతే ఒక మెట్టు పైది చూసుకోండి. మీ పాత రంపాన్ని పారేయక్కర్లేదు. సన్నగా కోసే లో-ప్రొఫైల్ చైన్ వేస్తే 10 అంగుళాల దుంగల పని నడుస్తుంది.

బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) కొనేటప్పుడు చాలామంది లెక్క తప్పుతారు. ఫ్రేమ్ బిగింపులే 4-6 అంగుళాలు తినేస్తాయి. 20 అంగుళాల దుంగకు 25 అంగుళాల బార్ బొటాబొటి, 28 అయితే మేలు. మొదలు దగ్గర దుంగ లావుంటుంది, కొలత అక్కడే తీసుకోండి.

మామూలు చైన్ పళ్ళ కోణం 30 డిగ్రీలు. నిలువుకోతకు వాడే రిప్పింగ్ చైన్‌కు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది, పలక నునుపుగా వస్తుంది. పెట్రోలు లీటరుకు 20 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ (50:1). కార్బురేటర్‌కు హెచ్ స్క్రూ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు పాళ్ళు సరిచేసేది) ఉంటే ఎడమకు కొద్దిగా తిప్పి మిశ్రమం చిక్కబరచండి, పల్చగా ఉంటే వేడి పెరుగుతుంది. బార్ ఆయిల్ పంపు పూర్తిగా తెరవండి. కోత ముగియగానే ఇంజను ఆపేయకుండా నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచండి. ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ పళ్ళకు ఆకురాయి, ఎయిర్ ఫిల్టర్‌కు దులుపుడు.

ప్రశ్న: పలక అంచుల్లో ఒక మందం, మధ్యలో ఇంకో మందం వస్తోంది. ఫ్రేమ్ సరిగానే బిగించాను.

జవాబు: ఫ్రేమ్‌ను అనుమానించేముందు చైన్ చూడండి. కుడి పళ్ళు, ఎడమ పళ్ళు ఒకే పొడవున్నాయా? ఒక వరుస పదునుగా, రెండోది మొద్దుగా ఉంటే కోత పదునున్న వైపుకే లాగుతుంది, బార్ మధ్యలో వంగుతుంది. అన్నిటికంటే పొట్టి పన్ను కొలతకు మిగతావన్నీ అరగదీయండి. రేకర్లు (ప్రతి పంటి ముందుండే, కోత లోతును అదుపు చేసే బొడిపెలు) పంటికంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి.

మొదటి కోతే వంకరైతే తప్పు చైన్‌ది కాకపోవచ్చు, మొదటి కోతకు ఫ్రేమ్ తిన్నగా జారేందుకు దుంగ మీద పరిచిన నిచ్చెనది కావచ్చు. నడుమ వేలాడితే ఆ వంపు తర్వాతి పలకలన్నిటికీ దిగుతుంది. నిచ్చెన కింద రెండు మూడు చోట్ల ఆనింపు ఇచ్చి, దారం లాగి చూశాకే రంపం పెట్టండి.