డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని బతిమాలాలా?

ప్రశ్న: నా వయసు 34. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిన్నరగా విదేశంలో ఓ మారుమూల పల్లెలో ఉంటున్నాం. డాక్టరు దగ్గరికి కారులో గంటన్నర ప్రయాణం. నాకు డ్రైవింగ్ రాదు. గుండె దడ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, కనురెప్ప అదరడం, ఒకటి తగ్గితే ఇంకొకటి. రెండుసార్లు చూపించుకున్నాను. ఈసీజీ, రక్త పరీక్షలు, థైరాయిడ్ అన్నీ నార్మల్ అన్నారు. మూడోసారి అడిగితే మావారు ‘మళ్లీ మొదలెట్టావా’ అన్నారు. అప్పట్నుంచి ఆయనకు చెప్పడం మానేశాను. ఇంటికొచ్చి ఫుల్ బాడీ చెకప్ చేయించుకోవాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ సంగతి ఇంతటితో వదిలేయండి.

మీ ఉత్తరం వెనకవైపు పెన్సిల్‌తో కొన్ని అంకెలు వేశారు. 1.40కి 84, 2.05కి 91, 2.30కి 88. ఆయన లేస్తారని లైటు వేయకుండా, వంటింట్లో నిలబడి, ఫోను వెలుతురులో నాడి లెక్కపెట్టుకున్నానని రాశారు. అది చదివాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. నిమిషానికి 60 నుంచి 100 దాకా నాడి మామూలే. భయపడుతూ లెక్కపెడితే అది పెరగక ఏం చేస్తుంది? కంగారులో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకీ పెదాలకీ తిమ్మిర్లు వస్తాయి. నిద్ర చాలకపోతే రెప్ప అదురుతుంది. రెండింటికి లేచి కూర్చునే మనిషికి నిద్ర ఎక్కడిది?

నాకు కనిపిస్తున్న జబ్బు మీ ఒంట్లో లేదు, మీ ఇద్దరి మధ్య ఉంది. ఆయన చెడ్డవారని నేననను. అలసి ఉంటారు, విసుగులో అని ఉంటారు. కానీ చుట్టుపక్కల పలకరించే మనిషి లేని చోట, భార్యకు దిక్కు తానొక్కడే అయిన చోట ఆ మాట అనకూడదు. మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఆయన చేసే ఉపకారం కాదు, కాపురంలో భాగం. దానికి మీరు మంచి మూడ్ చూసి అడగాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఆత్మాభిమానం దెబ్బతిన్న మనిషికి ప్రతి చిన్న నొప్పీ పెద్దదిగానే తోస్తుంది, ఎన్నో ఉత్తరాల్లో చూశాను.

అయితే మీరు నోరు మూసుకోవడం కూడా నాకు నచ్చలేదు. సెలవురోజు పగటిపూట కూర్చోబెట్టి మాట్లాడండి. రెప్ప అదిరిన సంగతి కాదు, ఆ మాట విన్న రోజు మీకెలా అనిపించిందో చెప్పండి. ఆ పెన్సిల్ అంకెలు చూపించండి.

రెండోది, డ్రైవింగ్. ఈ నెలలోనే మొదలుపెట్టండి. లైసెన్సు చేతికొచ్చేదాకా, ఫోన్లో డాక్టరుతోనో నర్సుతోనో మాట్లాడే వీలుందేమో ఆ క్లినిక్‌లో అడగండి. అక్కడికి అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో కూడా కనుక్కోండి. అత్యవసర నంబరు, మీ ఇంటి చిరునామా అక్కడి భాషలో రాసి గోడకు అంటించండి. ఛాతీలో నొప్పి పట్టేసి చేతికో దవడకో పాకినా, చెమటలు పోసినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యి పట్టు తప్పినా, ఊపిరి ఆడకపోయినా ఎవరి మొహమూ చూడకుండా ఆ నంబరుకు చేయండి. కొత్తగా ఏ బాధ వచ్చినా, ఉన్నది రోజురోజుకీ ఎక్కువవుతున్నా మళ్లీ చూపించుకోండి, మొహమాటపడొద్దు. నెట్‌లో వెతకడం మాత్రం పూర్తిగా మానేయండి.

ఇవన్నీ చేసినా రెండు నెలల్లో భయం తగ్గకపోతే వీడియో కాల్‌లో ఒక సైకాలజిస్టుతో మాట్లాడండి. ఇలాంటి భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మాటల ద్వారా ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్స, బాగా పనిచేస్తుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

మళ్లీ రాయండి. ఈసారి అంకెలు వద్దు, ఆయన ఏమన్నారో రాయండి.