పరుగెత్తని కిలోమీటర్లు బాకీ కావు

పరుగు, నడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, అందులోని పొరపాటు నేనూ చేసినదే కాబట్టి.

ప్రశ్న: నా వయసు 41. మాది ఒంగోలు. పదిహేనేళ్ళుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ సంవత్సరం వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తాలని జనవరి ఒకటిన నిర్ణయించుకుని, ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా. మే నెలలో ఎండకు, జూన్‌లో జ్వరానికి, ఆగస్టులో మా చెల్లెలి పెళ్ళికి చాలా రోజులు పోయాయి. సెప్టెంబరు 10 నాటికి 470 కిలోమీటర్లే అయ్యాయి. అప్పటినుంచి ఒక్కరోజు కూడా మానకుండా రోజుకు ఆరు కిలోమీటర్ల చొప్పున పరుగెత్తి నెలాఖరుకు 590కి తెచ్చాను. ఇక మిగిలిన 92 రోజుల్లో 410 కిలోమీటర్లు, అంటే రోజుకు నాలుగున్నర పరుగెత్తితే చాలు. అయితే వారం రోజులుగా మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచున నొప్పి వస్తోంది. నొప్పి మాత్ర వేసుకుని కొనసాగించవచ్చా? ఆరోగ్యం కోసం మొదలుపెట్టి కుంటుకుంటూ ఇంటికి రావడమేమిటని మా ఆవిడ అడుగుతోంది.

జవాబు: మాత్ర వేసుకుని పరుగెత్తవద్దు. మీ ఉత్తరానికి నేను తడుముకోకుండా చెప్పగల జవాబు ఇదొక్కటే. నొప్పి మాత్ర ఎముకకు జరుగుతున్న నష్టాన్ని ఆపదు, ఆ కబురు మీకు చేరకుండా మాత్రం చేస్తుంది.

ఈ సాయంత్రం కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట, చీలమండ వైపు నుంచి పైకి, బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళండి. నొప్పి జానెడు పొడుగునా పరుచుకుని ఉండి, పరుగు మొదట్లో బాధించి ఒళ్ళు వేడెక్కాక తగ్గుతూ ఉంటే, అది చాలావరకు ఎముక మీది పొర, దానికి అంటుకున్న కండరాలు అలవాటు లేని ఒత్తిడికి గురైనందువల్ల వచ్చిన నొప్పి. పరుగు ఆపితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అలా కాక, వేలి కొన ఆనినంత మేర ఒక్కచోటే నొక్కగానే ప్రాణం లేచిపోయినట్టు ఉన్నా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతున్నా, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోయినా, ఎముకలో సన్నని పగులు మొదలైందేమోనని అనుమానించాలి. అప్పుడు రోజులు లెక్కపెట్టకుండా ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. ఇటువంటి పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న ధైర్యంతో మర్నాడే మళ్ళీ రోడ్డెక్కినవారిని నేను చూశాను, కాబట్టి ఆ కాగితం మీద కంటే మీ బొటనవేలి మీద ఎక్కువ నమ్మకం ఉంచి, నొప్పి అలాగే ఉంటే ఎంఆర్‌ఐ అవసరమా అని వైద్యుణ్ణి అడగండి.

రోజుకు ఆరు కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, దూరం పెద్దది కాదు. కానీ జనవరి నుంచి సెప్టెంబరు 10 వరకు మీ సగటు వారానికి 13 కిలోమీటర్లు. ఆ మర్నాటి నుంచి అది 42 అయింది, అందులో ఒక్క విశ్రాంతి దినం కూడా లేదు. గుండె, ఊపిరితిత్తులు కొత్త భారానికి కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి కాబట్టి ఆయాసం తగ్గి, ఇంకా పరుగెత్తగలమనే భరోసా కలుగుతుంది. ఎముక పద్ధతి వేరు. భారం పెరిగినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తవ్వి తీసేసి, ఆ తరువాతే ఆ చోటును కొత్త ఎముకతో నింపుతుంది. తవ్వడానికి వారాలు, నింపడానికి నెలలు పడతాయి. ఇంట్లో పాత గచ్చు పెకలించి కొత్త గచ్చు ఆరేదాకా ఆ గదిలో నడవవద్దని మేస్త్రీ ఎందుకంటాడో అందరికీ తెలుసు. మీరు సరిగ్గా ఆ మధ్య రోజుల్లో, ఆ గదిలోనే, రోజూ ఆరు కిలోమీటర్లు గెంతారు.

ఇక నా సంగతి. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన మరుసటి ఏడాది, 2016లో, నేను 1200 కిలోమీటర్ల లెక్క పెట్టుకున్నాను. మైలాపూరులో మా ఇంటికి దగ్గరలో, లజ్ చర్చి రోడ్డు మీద నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం తయారుచేసి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట వెలసిన పార్కు అది. తెల్లవారుజామున ఇంటి నుంచి బయలుదేరి మెరీనా దాకా వెళ్ళివచ్చి, పార్కు బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుకోవడం నా దినచర్య. జీవితమంతా ఖాతాలు చూసినవాణ్ణి కాబట్టి డైరీలో రెండు వరుసలు గీశాను: ఎడమపక్క పరుగెత్తినది, కుడిపక్క ఎర్ర సిరాతో బాకీ. నన్ను ముంచింది ఆ రెండో వరుసే. అక్టోబరు ఆఖరుకు 905 కిలోమీటర్లయ్యాయి. మిగిలిన 61 రోజుల్లో 295, అంటే రోజుకు అయిదు లోపే. మీరు వేసిన లెక్కే నేనూ వేశాను. వానకు ఆగిన రోజుది మర్నాటికి కలుపుకుంటూ, నవంబరులో 24 రోజుల్లో 140 కిలోమీటర్లు పరుగెత్తాను. 25వ తేదీ ఉదయం మంచం దిగి కాలు మోపగానే మోకాలి కింద ఎముకలో మేకు దిగినట్టయింది. అప్పటికి పది రోజులుగా ఆ పార్కు బల్ల మీదే కూర్చుని, పంతులుగారి మీది గౌరవంతో కాలికి అమృతాంజనమే రాసుకుంటున్నాను. తలనొప్పికి అది చేసే మేలు ఎముకకు చేయదని తెలిసింది. నోట్ల రద్దు రోజులవి. అంతకు ముందేడాది దాకా కౌంటరుకు అవతల కూర్చున్న మనిషిని, ఇవతలి వరుసలో ఒంటికాలి మీద భారం వేసి రెండు గంటలు నిలబడ్డాను. డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చి వీధి వీధినా చెట్లు కూలినప్పుడు, ఊరంతా పరుగు ఆపేసిందన్న అల్పసంతోషం కలిగిన మాట కూడా దాచను. నా లెక్క 1045 దగ్గర ఆగింది. మళ్ళీ పరుగు మొదలుపెట్టేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది.

ఆ తరువాత నేను డైరీలో కుడిపక్క వరుస గీయలేదు. జూన్‌లో జ్వరం వల్ల మానిన పరుగు ఆ జూన్‌తోనే పోయింది. దాన్ని అక్టోబరులో తీర్చడానికి ఎవరూ మీకు అప్పు ఇవ్వలేదు, తీర్చినా మీ శరీరం దాన్ని ఏ ఖాతాలోనూ జమ వేసుకోదు. దానికి తెలిసినది గత కొద్ది వారాలుగా ఎంత పరుగెత్తుతున్నారు, ఈ వారం ఎంత పరుగెత్తారు అన్న రెండు సంగతులే. ఈ రెండింటి మధ్య అంతరం ఎక్కువైతే అది కాలి మీద తేలుతుంది.

సంవత్సరపు లక్ష్యమే తప్పని నేను అనడం లేదు. వెయ్యి అనే అంకె లేకపోతే మీరు ఫిబ్రవరిలోనే మానేసి ఉండేవారేమో. ఈ 590 ఆ అంకె పెట్టిన భిక్షే. తప్పు వెయ్యిని 365తో భాగించడంలో ఉంది. అలా భాగిస్తే రోజుకు రెండు కిలోమీటర్ల ముప్పావు వస్తుంది, వినడానికి ఎంతో సులువుగా ఉంటుంది. కానీ చెన్నైలో సంవత్సరానికి 365 పరుగు రోజులు లేవు. మే నెలలో తెల్లవారుజామున అయిదింటికి కూడా ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఇక్కడ కురుస్తుంది, మీ వేళచ్చేరిలో నీళ్ళు నిలిచే తీరు నేను మీకు చెప్పనక్కరలేదు. వీటికి తోడు ఒక జ్వరం, రెండు పెళ్ళిళ్ళు, పండగకు ఊరి ప్రయాణం ఉండనే ఉంటాయి. అందుచేత 52 వారాల్లో 12 వారాలను ముందే వదిలేసి, 40 వారాలతో భాగించండి. వెయ్యి కిలోమీటర్లకు వారానికి 25 వస్తుంది. వారానికి నాలుగు రోజులు బయటికి వెళ్ళేవారికి ఇది అందే అంకె, కాకపోతే జనవరిలో అక్కడే మొదలుపెట్టకూడదు. 12తో మొదలుపెట్టి, వారానికి కిలోమీటరో కిలోమీటరున్నరో పెంచుతూ, ప్రతి నాలుగో వారం కొంత తగ్గిస్తూ వెళ్ళాలి. ఇదంతా కూడితే వెయ్యి రాదనిపిస్తే మొదటి ఏడాదికి 800 పెట్టుకోండి.

ఇక ఈ మూడు నెలలకు. నొప్పి పరుచుకున్న రకమే అయితే రెండు వారాలు పరుగు పూర్తిగా మాని, నొప్పి లేనంతవరకు నడవండి. ఒంటికాలితో ఇరవై సార్లు నొప్పి లేకుండా గెంతగలిగిన రోజున, రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున, వారానికి మూడు రోజులు, మొత్తం ఎనిమిది కిలోమీటర్లతో తిరిగి మొదలుపెట్టండి. తరువాతి వారాల్లో 10, 12, మళ్ళీ 9, ఆపైన 13, 14 ఇలా సాగితే, వానలు పోను, డిసెంబరు 31కి మీ మొత్తం 700కు అటూ ఇటూ ఉంటుంది. ఆ వేగం ఎంత ఉండాలంటే, పరుగెత్తుతూనే మీ ఆవిడకు పాలప్యాకెట్ల లెక్క ఫోన్‌లో చెప్పగలగాలి. మాట తెగుతూంటే వేగం ఎక్కువైనట్టే. ఆఫీసులో అడిగితే 700 అనే చెప్పండి. అక్కడ ఎవరూ ఆ అంకెను రెండో రోజు దాకా గుర్తుపెట్టుకోరు.

మరొకటి, మీ బూట్లు. జనవరిలో కొన్నవే అయితే 590 కిలోమీటర్లు అరిగాయి. మామూలు పరుగు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మెత్తదనం కోల్పోతాయి. పైకి కొత్తగా కనిపించినా, అట్ట పక్కన నొక్కితే ముడతలు పడి తిరిగి లేవకపోతే మార్చండి. వానలో తడిసినవాటిని ఎండలో పెట్టకుండా లోపల పాత పేపరు ఉండలు కుక్కి, గంటకోసారి పేపరు మార్చండి.

ప్రశ్న: పెరంబూరు నుంచి రాస్తున్నాను. నాకు 54 ఏళ్ళు, షుగరుకు మాత్రలు వాడుతున్నాను. మా అబ్బాయి సంవత్సరానికి 500 కిలోమీటర్లు లక్ష్యం పెట్టుకున్నాడు, నన్నూ చేరమంటున్నాడు. నేను పరుగెత్తలేను, మేడ మీద నడుస్తాను. అది లెక్కలోకి వస్తుందా?

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. అయితే మీరు కిలోమీటర్లు లెక్కపెట్టవద్దు, రోజులు లెక్కపెట్టండి. మేడ మీద మలుపులు ఎక్కువ కాబట్టి ఫోన్ చూపే దూరం ఎలాగూ సరిగా ఉండదు. అరగంట నడిచిన రోజున గోడ క్యాలెండరు మీద ఒక చుక్క పెట్టి, సంవత్సరానికి 200 చుక్కలు అనుకోండి. షుగరు మాత్రలలో కొన్ని రకాలు వేసుకునేవారికి నడిచినప్పుడు షుగరు మరీ పడిపోవచ్చు. మీవి అటువంటివేనా అని మీ వైద్యుణ్ణి ఒకసారి అడిగి, చెంగున నాలుగు గ్లూకోజు బిళ్ళలు ముడివేసుకోండి. మేడ మీద ఒట్టి కాళ్ళతో నడవవద్దు. నడిచి వచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి, పొక్కులు లేచినా మీకు తెలియకపోవచ్చు. మీ అబ్బాయి 500తో మీ 200ను పోల్చుకోనక్కరలేదు.

ప్రశ్న: మా తమ్ముడు బెంగళూరు కబ్బన్ పార్కులో కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తుతాడు. నేను మెరీనాలో ఎంత కష్టపడినా ఏడుకు తగ్గడం లేదు. ఇద్దరమూ జనవరిలోనే మొదలుపెట్టాం. లోపం నాలో ఉందా?

జవాబు: లోపం గాలిలో ఉంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. సముద్రపు ఒడ్డున గాలిలో తేమ నిండి ఉండడం వల్ల చెమట కారిపోతుందే కానీ ఆరదు. వేడిని బయటికి పంపడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తాన్ని తోలవలసి వస్తుంది, కాళ్ళకు అందే వాటా తగ్గుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఆ ఎత్తులో ప్రాణవాయువు కొద్దిగా తగ్గినా, ఉదయపు చల్లదనం దానికి ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. మీరు గడియారం చూడడం మాని, ఆయాసం చూసుకుని పరుగెత్తండి. ఎండాకాలం మొదట్లో పది, పదిహేను రోజులు తక్కువ దూరం, తక్కువ వేగంతో వెళితే శరీరం కొంత అలవాటు పడుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే, మే నెలలో ఒక ఆదివారం తమ్ముణ్ణి మద్రాసు రప్పించి, నేపియర్ వంతెన నుంచి లైట్‌హౌస్ దాకా ఉన్న మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం మీతోపాటు పరుగెత్తమనండి. తిరుగు ప్రయాణానికి ఆటో డబ్బులు మీ దగ్గర ఉంచుకోండి.