యుద్ధ ఖైదీల ఉత్తరాలు నిజంగా ఇంటికి చేరేవా?

చేరేవి. మా పెదనాన్నవి చేరాయి. 1971 డిసెంబరు యుద్ధంలో ఆయన పడమటి సరిహద్దులో పాకిస్తాన్ సైన్యానికి చిక్కాడు. దేవరకొండ దగ్గర మా ఊరికి ముందు వచ్చింది గల్లంతయ్యాడన్న టెలిగ్రాం. కార్డు ఆ తర్వాత ఎప్పుడో రెడ్‌క్రాస్ ద్వారా వచ్చింది, అదీ ఉర్దూలో. తెలుగులో రాస్తే సెన్సారు వాళ్లకు అర్థం కాక అక్కడే ఆగిపోతుందని తోటి జవానుతో రాయించాడట.

నిజాం కాలంలో బడికి వెళ్లినవాళ్లకు ఉర్దూ వచ్చు కాబట్టి మా వైపు చదివేవాళ్లకు కరువు లేదు. కానీ ఆ పూట ఊళ్లో ఉన్నది పాత పట్వారీ ఒక్కడే. ఆయనతో మావాళ్లకు గట్టు తగాదా, మాటల్లేవు. నానమ్మ అవేవీ పట్టించుకోకుండా వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని సలాములూ దువాలూ చదువుతుంటే, "ఇవి మావాడి మాటలు కావు, ఎవరో రాసి పంపారు" అని కొట్టిపారేసింది. చివరి వరుసలో "చెవి తెగిన బర్రె ఈనిందా?" అని ఉంది. అది చెవిన పడగానే కార్డు లాక్కుని కొంగున ముడేసుకుందట. జవాబు రాసేటప్పుడు పట్వారీ "ఇక్కడ అందరూ ఖైరియత్" అని మొదలుపెడితే, "పంతులూ, అది తర్వాత. ముందు పెయ్యదూడ పుట్టిందని రాయండి" అంది. అంతకన్నా మంచి ఉత్తరం ఎవరు రాయగలరు?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధ ఖైదీలకు వచ్చే ఉత్తరాలకూ, వాళ్లు పంపేవాటికీ తపాలా రుసుము లేదు. ఆ సంగతి తెలియని గుమాస్తా ఒకాయన నానమ్మ చేత ప్రతిసారీ స్టాంపులు కొనిపించాడు. ఆమె అప్పు చేసి మరీ కొన్నది.

నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలని కూడా ఆ ఒప్పందంలో ఉంది. నన్నడిగితే వాటన్నిటికన్నా మొదటి కార్డే ముఖ్యం. శిబిరానికి చేరిన వారం లోపు దాన్ని రాయనివ్వాలి, ఒకటి ఇంటికి, ఒకటి రెడ్‌క్రాస్ నడిపే యుద్ధ ఖైదీల కేంద్ర సంస్థకు. సినిమాల్లో ఖైదీ ఉత్తరం గుండెకు హత్తుకుని ఏడుస్తాడు గానీ, అసలు అది రసీదు. మనిషి ప్రాణాలతో తన చేతిలో ఉన్నాడని శత్రువే ఒప్పుకున్నట్టు. ఇక మాయం చేయడం అంత తేలిక కాదు.

పెదనాన్న 1972 డిసెంబరులో వాఘా మీదుగా తిరిగొచ్చాడు. అదే యుద్ధంలో గల్లంతై, పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని మన ప్రభుత్వం నమ్మిన 54 మంది రాలేదు. అలాంటివాళ్లెవరూ తమ దగ్గర లేరన్నదే అక్కడి జవాబు. వారిలో ఒక మేజరు రాసినట్టుగా ఒక చీటీ 1974లో ఆయన తండ్రికి అందింది. అది అధికారికంగా రెడ్‌క్రాస్ దారిలో వచ్చింది కాదు. ఆ మేజరు ఇంటికి రానే లేదు.