ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే ఒక లెక్క, శంషాబాద్‌లో ఎక్కితే ఇంకో లెక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు విమానం ఆలస్యం గురించే. ఈ విషయంలో నాకు కాస్త పాపభీతి ఉంది. ఇరవై ఏడేళ్లు ఎయిర్‌పోర్టు కౌంటర్ వెనక నిలబడ్డాను. మొదట బేగంపేటలో, 2008 మార్చిలో అక్కడ మూసేశాక శంషాబాద్‌లో. ‘ఆపరేషనల్ రీజన్స్ వల్ల’ అని మైకులో చెప్పిన గొంతుల్లో నాదీ ఒకటి. ఆ రీజన్ ఏమిటో చాలాసార్లు మాకే తెలిసేది కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పురుడు పోయడానికి జర్మనీ వెళ్లి, రెండున్నర నెలలుండి, నేనూ మావారూ 2025 అక్టోబరులో తిరిగొచ్చాం. గల్ఫ్ విమాన సంస్థ టికెట్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గల్ఫ్‌కి, అక్కడ విమానం మారి హైదరాబాద్‌కి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే నాలుగు గంటలు ఆపేశారు. గల్ఫ్‌లో దిగేసరికి హైదరాబాద్ విమానం వెళ్లిపోయింది. తర్వాత దాంట్లో ఎక్కించారు. మొత్తం పదకొండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరాం. మావారు షుగర్ పేషెంటు. అమ్మాయి మెయిల్ పెడితే, ‘సాంకేతిక కారణం, మా చేతిలో లేనిది’ అని రాసి, మనిషికి 100 యూరోల వోచర్ పంపారు. ‘యూరప్ వాళ్ల విమానం కాదు కాబట్టి ఇంతకన్నా ఏమీ రాద’ని మా ట్రావెల్ ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ వోచర్ సంగతి. ఇంకా వాడలేదు కదా? వాడకండి. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ ఉంటే అమ్మాయిని నొక్కొద్దనండి. మీకు రావాల్సింది మనిషికి 600 యూరోలు, ఇద్దరికీ కలిపి 1,200. మన డబ్బుల్లో మనిషికి అరవై వేలకు కాస్త అటూ ఇటూ. అదీ నగదుగానో, బ్యాంకు ద్వారానో, చెక్కుగానో ఇవ్వాలి. వోచర్‌తో సరిపెట్టాలంటే మీరు సంతకం పెట్టి ఒప్పుకోవాలని చట్టంలోనే ఉంది. వందతో ఊరుకుంటారని ఆశపడ్డారు, అంతే.

మీ ఏజెంట్ చెప్పింది సగం నిజం. ఆ సగం ఎక్కడ వర్తిస్తుందో చెబుతాను. యూరోపియన్ యూనియన్‌కి 261/2004 అనే నిబంధన ఒకటుంది. 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉంది. యూనియన్ దేశాల్లోని ఏ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరినా అది వర్తిస్తుంది. విమానం గల్ఫ్ వాళ్లదా, మనదా, అమెరికా వాళ్లదా అన్నది అడగదు. మీరు ఎక్కింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కడితో ఆ వాదన అయిపోయింది. అదే మీరు వెళ్లేటప్పుడు, శంషాబాద్‌లో ఎక్కి అదే గల్ఫ్ సంస్థలో పదకొండు గంటలు ఆలస్యంగా ఫ్రాంక్‌ఫర్ట్ చేరి ఉంటే, ఏజెంట్ మాటే నిలిచేది. యూనియన్ బయటి నుంచి లోపలికి వచ్చే విమానమైతే, అది యూరప్ సంస్థదైనప్పుడే ఈ నిబంధన పనిచేస్తుంది. రానూపోనూ ఒకే టికెట్ కొన్నా సరే, రెండు ప్రయాణాలనూ విడివిడిగానే చూడాలని 2008లో అక్కడి కోర్టు తేల్చింది. అప్పుడు మీకు మిగిలేది అంతర్జాతీయ విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం. మన దేశం 2009లో అందులో చేరింది. దాని కింద, ఆలస్యం వల్ల నిజంగా నష్టపోయిన డబ్బును రసీదులు చూపించి అడగొచ్చు. 600 అని ముందే నిర్ణయించిన లెక్క అక్కడ లేదు.

ఇంకో తమాషా. ఆ యూరప్ నిబంధనలో ఆలస్యానికి డబ్బివ్వాలని రాయనే లేదు. రద్దయితే ఇవ్వాలని ఉంది. గమ్యానికి మూడు గంటలు, అంతకన్నా ఆలస్యంగా చేరిన ప్రయాణికుడి బాధా రద్దయినవాడి బాధా ఒకటేనని 2009 నవంబరులో లక్సెంబర్గ్‌లోని వాళ్ల కోర్టు చెప్పింది. అప్పటినుంచి ఇస్తున్నారు. దూరం 3,500 కిలోమీటర్లు దాటితే 600 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి అంతకు ఎంతో ఎక్కువ. ‘మా విమానం గల్ఫ్‌కి నాలుగు గంటలే లేటు, తర్వాతది మీరు అందుకోలేకపోతే మేమేం చేస్తాం’ అనడానికీ వీల్లేదు. ఒకే బుకింగ్ మీద కొన్న టికెట్ అయితే చివరి ఊరు ఎప్పుడు చేరారన్నదే లెక్క. అదీ చక్రాలు నేలకు తగిలిన సమయం కాదు, విమానం తలుపు తెరిచిన సమయం. మీ రెండు ప్రయాణాలకూ ఒకే పీఎన్నార్ ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి. మీ కేసంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇక ‘సాంకేతిక కారణం’. విమాన సంస్థ తప్పించుకోవాలంటే అది అసాధారణ పరిస్థితి అయి ఉండాలి. తుఫాను, పిట్ట తగలడం, విమాన నియంత్రణ వాళ్ల సమ్మె, ఇలాంటివి. 2008 డిసెంబరులో ఇదే కోర్టుకు ఒక కేసు వచ్చింది. వియన్నా నుంచి ఇటలీ వెళ్లాల్సిన కుటుంబం, ఇంజిన్‌లో లోపమని విమానం రద్దు. యంత్రాలు చెడిపోవడం, బాగుచేసుకోవడం విమానాలు నడిపేవాడి రోజువారీ పనిలో భాగమేనని, అది సాధారణంగా సాకు కాదని కోర్టు చెప్పింది. తయారీలోనే దాగి ఉన్న లోపం బయటపడిందంటే అది వేరు. అలాంటిదేదైనా ఉంటే నిరూపించాల్సింది వాళ్లు, మీరు కాదు. మీకు వచ్చిన మెయిల్‌లాంటివి మా ఆఫీసులో ముందే టైపు చేసి ఉండేవి, పేరూ తేదీ మార్చి పంపేవాళ్లం. పది మందికి పంపితే మళ్లీ రాసేది ఇద్దరు. మిగతా ఎనిమిది మంది దాన్ని తీర్పు అనుకునేవాళ్లు.

కాబట్టి మళ్లీ రాయండి. కస్టమర్ కేర్ చాట్‌లో వద్దు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారం నింపి, అదే మెయిల్‌గా కూడా పెట్టండి. కష్టాలన్నీ ఏకరువు పెట్టొద్దు. పేర్లు, పీఎన్నార్, విమానాల నంబర్లు, చేరాల్సిన సమయం, చేరిన సమయం, 261/2004 ఏడో అధికరణం ప్రకారం మనిషికి 600 యూరోలు, వోచర్ వద్దు, అసాధారణ పరిస్థితి అంటే ఆధారం చూపండి, ఇన్ని రోజుల్లో జవాబివ్వండి. అంతే, పది లైన్లు దాటకూడదు. మీవారి షుగర్ సంగతి ఒక్క వాక్యంలో రాయండి, అదీ నాలుగు గంటల్లో వాళ్లు భోజనం పెట్టకపోయి ఉంటేనే.

డబ్బు పంపడానికి ఐబాన్ అడుగుతారు, అంటే యూరప్ బ్యాంకు ఖాతాలకుండే పొడుగాటి నంబరు. మన బ్యాంకుల్లో అది ఉండదు. ఫారం అక్కడ ఆగిపోయి చాలామంది వదిలేస్తారు. మీ ఖాతా నంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇస్తామని రాయండి. లేదా అమ్మాయి జర్మనీ ఖాతాలో వేయమని మీరిద్దరూ సంతకాలు చేసి ఒక అధికార పత్రం జత చేయండి. రెండోదే సులువు.

రెండు నెలలు చూసినా దారికి రాకపోతే జర్మనీలో మధ్యవర్తి సంస్థ ఉంది. అందులో సభ్యత్వం లేని విమాన సంస్థల సంగతి బాన్‌లోని న్యాయశాఖ కార్యాలయం చూస్తుంది. ప్రయాణికుడి దగ్గర రుసుము తీసుకోరు. గడువు గురించి కంగారు లేదు. జర్మనీలో మూడేళ్లు, అదీ ప్రయాణించిన ఏడాది ముగిసినప్పటి నుంచి. అంటే మీకు 2028 డిసెంబరు 31 దాకా ఉంది. ‘మేం ఇప్పిస్తాం’ అని వచ్చే కంపెనీలు మోసం కాదు గానీ, నాలుగో వంతో మూడో వంతో వాళ్లు ఉంచుకుంటారు. మీ అమ్మాయి ఒక సాయంత్రం కూర్చుంటే చేసే పనికి ముప్పై వేలు ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. శ్రీకాకుళంలో మేనకోడలి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున 3:47కి. రాత్రి 9:10 విశాఖ విమానం. 10:10 అన్నారు, తర్వాత 11:30 అన్నారు, అలా గంట గంటా జరుపుతూ 4:25కి లేపారు. ‘రావాల్సిన విమానం రాలేద’న్నారు. ఒక శాండ్‌విచ్, జ్యూస్ ఇచ్చారు. పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకురావాల్సిన మేనమామని నేనే. మా చిన్నాన్న కొడుకు మోశాడు. పరిహారం వస్తుందా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ రాత్రి కౌంటర్‌లో నేనున్నా నీకు చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. రాత్రి పదిన్నరకి హైదరాబాద్‌లో బయల్దేరి తెల్లారకముందే శ్రీకాకుళం చేర్చే బండి ఏదీ లేదు.

మన దేశంలో ఆలస్యానికి ఇంత అని నిర్ణయించిన డబ్బంటూ లేదు. మన విమాన సంస్థల్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లో రద్దుకి ఉంది. సరైన కారణం, ముందస్తు కబురు లేకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు, లేదా మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఆలస్యమైతే మాత్రం తిండి, ఇంకా పెరిగితే మంచం. అందుకే కాబోలు, రద్దు చేయాల్సిన విమానాల్ని కూడా గంటలు గంటలు లాగుతారని నా అనుమానం. నీ విమానంలాంటి చిన్న ప్రయాణానికి రెండు గంటలు దాటితే ఫలహారం. ఆరు గంటలు దాటుతుందంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో నీ ఇష్టం. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది కూడా. నీది సరిగ్గా ఆ కిందికే వస్తుంది. అయితే గంట గంటా జరిపినప్పుడు ఆరు గంటలు దాటిందని తెలిసేసరికి తెల్లవారుజాము 3:10. అప్పుడు గది ఇచ్చి ఏం లాభం, అక్కడ తాళి కడుతుంటే.

నీకున్న దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉండే చోటే వేయొచ్చు, విమాన సంస్థ ఆఫీసు ఉన్న ఊరు వెళ్లనక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. దానికి ముందు విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, తర్వాత విమానయాన శాఖ పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కూడా చెయ్యి. వీటితో తేలకపోయినా, అడిగావన్న కాగితం మిగులుతుంది.

విమానం ఆలస్యమైందని సంస్థ రాసిచ్చే ‘డిలే సర్టిఫికెట్’ తీసుకున్నావా? లేకపోతే ఇప్పుడైనా మెయిల్‌లో అడుగు. మా సొరుగులో వాటికి ఒక స్టాంపు ఉండేది. అడిగినవాళ్లకే వేసిచ్చేవాళ్లం, అడగొచ్చని ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. వాళ్లు పంపిన ప్రతి మెసేజీ, 10:10 నుంచి 4:25 దాకా, స్క్రీన్‌షాట్ తీసిపెట్టు. ఒక్కసారిగా ఏడు గంటలని చెప్పకుండా ముక్కలుగా చెప్పారన్నదే నీ బలమైన వాదన. శుభలేఖ తప్పకుండా జత చెయ్యి. ముహూర్తం అచ్చులో ఉంటుంది, అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఐదు లక్షలు అడగకు. టికెట్ డబ్బు, విశాఖలో మాట్లాడుకున్న కారు అడ్వాన్సు, ఖర్చులు, మనోవేదనకు ఒక సబబైన మొత్తం. చూపించగలిగినదాన్నే అడిగినవాడి మాట కమిషన్‌లో నిలబడుతుంది.

ప్రశ్న: జనవరి పొగమంచులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావడానికి విమానంలో కూర్చోబెట్టి మూడున్నర గంటలు కదల్లేదు. మంచినీళ్లు అడిగితే, చౌక విమానం కాబట్టి కొనుక్కోమన్నారు. కేసు వేయొచ్చా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ కేసుకు అన్నలాంటి కేసు ఒకటి ఇదే దారిలో నడిచింది. 2007 డిసెంబరు 14న ఢిల్లీ–హైదరాబాద్ విమానం, పొద్దున 6:15ది, పొగమంచుకు ఆగిపోయింది. అందులో ఉన్న హైదరాబాద్ ప్రయాణికుడు ఇక్కడి శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్తే పదివేలు ఇమ్మన్నారు. హైకోర్టు దాన్ని మార్చలేదు. సుప్రీంకోర్టు మాత్రం 2011 జులైలో ఆ తీర్పు కొట్టేసింది. పొగమంచు విమాన సంస్థ తప్పు కాదు, ప్రయాణికుల బాగోగులు చూడటంలో లోటు కూడా కనిపించలేదంది. అయితే సుప్రీంకోర్టు అదే తీర్పులో, చౌక సంస్థ అయినంత మాత్రాన ఇరుక్కుపోయిన ప్రయాణికులకు కనీస సదుపాయాలు ఇవ్వనంటే కుదరదని కూడా చెప్పింది.

అంటే ఆలస్యం మీద వేస్తే ఓడిపోతారు. నీళ్లమ్మడం మీద వేయండి. మీరు కొన్న సీసా బిల్లు ఉందా? కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు మెసేజీలో సమయంతో సహా ఉంటుంది, వెతకండి. పక్క సీటులో కూర్చున్నవాళ్ల ఫోన్ నంబరు తీసుకుని ఉంటే వాళ్లనీ ఒక మాట రాసిమ్మనండి.