కీ మీద చెయ్యి తర్వాత, ముందు చెవి

ప్రశ్న: హామ్ రేడియో (సరదాగా సొంత వైర్‌లెస్ సెట్‌తో తోటివాళ్లతో మాట్లాడే అభిరుచి) జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) పరీక్ష నిమిషానికి 8 మాటల వేగంతో పాసయ్యాను. కానీ 7 మెగాహెర్ట్జ్ మీద సీక్యూ ('ఎవరైనా మాట్లాడతారా' అనే పిలుపు) పిలిస్తే, జవాబిచ్చేవాళ్లు మెషిన్‌లా కొట్టుకుపోతున్నారు. ఒక్క ముక్క అందదు. టెన్షన్‌తో సెట్ ఆపేస్తున్నాను. ఏం చెయ్యాలి?
– డిగ్రీ విద్యార్థి, సింగరాయకొండ

జవాబు: నాయనా, నువ్వు సీక్యూ ఎంత వేగంతో పిలుస్తున్నావు? కొత్తవాళ్లు తమ కాల్‌సైన్‌ను, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తింపు పేరును, వందలసార్లు సాధన చేసి ఉంటారు. అందుకే అదొక్కటీ పదిహేను మాటల వేగంతో దొర్లిపోతుంది. అవతలాయన అదే నీ వేగమనుకుని, మర్యాద కొద్దీ అదే వేగంతో బదులిస్తాడు. ఎంత వేగాన్ని వినగలవో అంతే వేగంతో పంపు. అప్పుడు నీ కోసం ఆయనే నెమ్మదిస్తాడు. అప్పటికీ నెమ్మదించకపోతే క్యూఆర్ఎస్ అని పంపు, 'కాస్త నిదానంగా' అని అర్థం. అలా అడగడం చిన్నతనం కాదు. సగమే అందితే, అందిన అక్షరాలు పంపి పక్కన ప్రశ్న గుర్తు కొట్టు. మిగతాది ఆయన పూరిస్తాడు.

అందనిదాన్ని అందినట్టు మాత్రం ఎప్పుడూ నటించవద్దు. ఆ తప్పు నేను చేశాను. తంతి ఆఫీసులో ఏళ్ల తరబడి మోర్స్ కొట్టిన చెయ్యి నాది. కానీ అక్కడ మేం వినేది సౌండర్ అనే తంతి పరికరం టకటకలు, రేడియోలో వినిపించేది సన్నటి ఈల. చెవి కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. హామ్ అయిన మొదటి ఏడు, ఒక సాయంత్రం శ్రీలంక నుంచి ఒక పెద్దాయన దొరికారు. ఆయన ఏదో అడిగారు, అర్థం కాలేదు. 'ఆర్' అని కొట్టాను, అంటే మొత్తం అందిందని. ఆయన మళ్లీ అడిగారు, మళ్లీ 'ఆర్'. మూడోసారి ఆయన ఒక్కో అక్షరానికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడం ఇచ్చి పంపారు. ఆయన అడుగుతున్నది మా ఊరి పేరు! కావలి అని కొడుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఆయన విసుక్కోలేదు. ఆ ఓపిక రుణం నీలాంటివాళ్ల దగ్గరే తీర్చుకోవాలి నేను.

ఇంకొకటి. పిలిచే ముందు ఒకటి రెండు నిమిషాలు ఊరికే విను. ఖాళీగా అనిపించిన చోట కూడా ఇద్దరు మాట్లాడుకుంటూ ఉండొచ్చు. వాళ్లలో ఒకరే నీకు వినిపించకపోవచ్చు. అందుకే క్యూఆర్ఎల్ అని కొట్టి ప్రశ్న గుర్తు పెట్టు, 'ఇక్కడ ఎవరైనా ఉన్నారా' అని. ఆగు. ఇంకోసారి అడుగు. బదులు రాకపోతే సీక్యూ మూడుసార్లు, నీ కాల్‌సైన్ రెండుసార్లు, చివర 'కె', అంటే 'ఇక మీరు పంపండి' అని. చాలు. పదేసి సీక్యూలు కొట్టేవాళ్ల కాల్‌సైన్ కోసం కాచుకుని కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: నేను తెలుగు టీచర్ని. పాత స్ట్రెయిట్ కీ (చేత్తో పైకీ కిందికీ నొక్కి మోర్స్ కొట్టే మీట) వాడుతున్నాను. వేగం బాగానే ఉంది కానీ నేను పంపేది అర్థం కావడం లేదంటున్నారు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: అమ్మా, మీకు చెప్పడం నాకు సులువు. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు కదా. మోర్స్‌లో చుక్కకు ఒకటి, గీతకు మూడు. అయితే ఇక్కడ మౌనానికీ మాత్రలున్నాయి. అక్షరం లోపల ఒకటి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. వేగం పెంచాలనే తొందరలో అందరూ మింగేసేది ఈ మౌనాన్నే. 'టి' ఒక గీత, 'ఇ' ఒక చుక్క. రెండూ అంటుకుంటే 'ఎన్' అయిపోతుంది. 'ఎం' వెంట 'ఇ' అంటుకుంటే 'జి'. మీరు రాసింది ఒకటి, వాళ్లు చదివేది ఇంకొకటి.

మీరు పంపేది ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు విని రాసుకోండి. అప్పటికప్పుడు వింటే ఏం పంపారో గుర్తుంటుంది కాబట్టి తప్పు దొరకదు.

కీని కూడా ఒకసారి చూడండి. కొట్టేటప్పుడు జరుగుతుంటే బరువైన చెక్కకు మరలతో బిగించండి. ముంజేయి బల్ల మీద ఆనాలి, కదలిక మణికట్టులో ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు గుబ్బను మెల్లగా పట్టుకుంటే చాలు. కాంటాక్టుల మధ్య సందు నాకైతే పోస్టుకార్డు మందం సరిపోతుంది. తప్పు పడితే ఎనిమిది చుక్కలు కొట్టి, ఆ మాట మొదటి నుంచి పంపండి. సర్దేసి ముందుకు పోవద్దు.

ప్రశ్న: సిగ్నల్ ఎలా అందిందో చెప్పే రిపోర్టులో అందరికీ 599, అంటే అన్నిటికన్నా మంచి మార్కు, ఇవ్వడమే మర్యాదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పోటీల్లో అందరూ అదే ఇస్తారు, అక్కడ సరే. మామూలు ముచ్చట్లలో వద్దు. మొదటి అంకె అర్థమయ్యే తీరు, రెండోది సిగ్నల్ బలం, మూడోది టోన్ శుభ్రత. 599 ఇచ్చి, వెంటనే పేరు మళ్లీ చెప్పమంటే అవతలాయన ఏది నమ్మాలి? నిన్న ఉరుముల గోలలో విజయవాడ స్టేషన్ ఒకటి నాకు 339 ఇచ్చింది. అది చూసే నేను పేరు, ఊరు మూడేసి సార్లు పంపాను. 599 అని ఉంటే ఒక్కసారే పంపి ఊరుకునేవాణ్ణి, ఆయనకు ఏమీ అందేది కాదు.