మందుకు లొంగని హెచ్‌ఐవీ ఎంజైమ్‌తో ల్యాబ్‌లో పని చేస్తే ప్రమాదమా?

మీ చెల్లెలికి ప్రాజెక్టులో ‘మందుకు లొంగని హెచ్‌ఐవీ ఎంజైమ్’ ఇచ్చారని, ఇంట్లో అందరూ హడలిపోతున్నారని రాశారు. మాది టెక్కలి దగ్గర పల్లె. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో నేనూ ఇదే పని చేశాను. అప్పుడు మా అమ్మ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ ట్యూబులో వైరస్ ఉండదు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ అనే ఒక్క ఎంజైమ్ జన్యువును ఈ-కోలై బ్యాక్టీరియాలో పెట్టి, అది తయారుచేసిన ప్రోటీన్‌ను శుద్ధి చేసి ఇస్తారు. ఉత్త ప్రోటీన్ ఎవరికీ అంటుకోదు. ఇచ్చేది శుద్ధి చేసిన ఎంజైమేనా అని మాత్రం గైడ్‌ని ఒకసారి అడగమనండి. బతికున్న వైరస్‌తో పని అయితే దానికి వేరే భద్రత ఉన్న ల్యాబ్ కావాలి.

మందుకు లొంగనిదే ఎందుకంటే, ఈ ఎంజైమ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాస్తుంది, రాసిన తప్పులు దిద్దుకోదు. అలా వచ్చిన తప్పుల్లో కొన్ని వైరస్‌కే కలిసొస్తాయి. నాకిచ్చింది కె103ఎన్ అనే మార్పు ఉన్న ఎంజైమ్. ప్రోటీన్ గొలుసులో 103వ చోట లైసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆస్పరాజిన్ ఉంటుంది, అంతే తేడా. ఈ ఎంజైమ్‌ను ఆపే నెవిరాపిన్ అనే మందు వేస్తే మామూలు ఎంజైమ్ ఆగిపోయింది, అదే మోతాదుకి ఇది ఆగలేదు. ఈ ఎంజైమ్‌ను ఆపడానికి తెచ్చే ఇలాంటి కొత్త మందు ఏదైనా ఈ రెండింటి మీదా పరీక్షించి చూడాల్సిందే.

నేను చేసే పని తెలిసి, మా వైపు నుంచి చెన్నైకి కూలి పనులకి వెళ్లే ఒకాయన తనకి హెచ్‌ఐవీ ఉన్న సంగతి చెప్పాడు. గదిలో వాళ్లు చూస్తారన్న టెన్షన్‌తో మధ్య మధ్య మాత్రలు మానేసేవాడట. ఆయన వాడిన మాత్రలో మిగతా మందులతో పాటు, నెవిరాపిన్ లాగే పనిచేసే ఎఫావిరెంజ్ ఉండేది. మానేశాక మిగతా మందులు ముందే తగ్గిపోతాయి, ఎఫావిరెంజ్ ఒక్కటే ఇంకొన్ని రోజులు రక్తంలో ఉంటుంది. ఒక్క మందే ఎదురుంటే కె103ఎన్ లాంటివి పైకొస్తాయి. వినగానే నా పరీక్ష ప్లేటులోని చిన్న గుంటల్లో, మందు వేసినా ఎంజైమ్ ఆగని ఆ గుంటలే గుర్తొచ్చి చాలా బాధేసింది. ఆయనకి తర్వాత మందులు మార్చారు. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న డొల్యుటెగ్రావిర్ ఇంటిగ్రేస్ అనే వేరే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది కాబట్టి కె103ఎన్ దాన్ని అడ్డుకోలేదు.

చెల్లెలికి ఒక్క మాట చెప్పండి. నేనొకసారి ఎంజైమ్‌ను రాత్రంతా బయట మరిచిపోయాను. మర్నాడు కె103ఎన్ కూడా ఆగిపోతే మందు పనిచేసిందని పొంగిపోయాను. తీరా చూస్తే మందు వేయని గుంటలోనూ ఏమీ జరగలేదు. ఎంజైమ్‌ను ఐస్ మీదే ఉంచమనండి, మందు వేయని గుంటను ముందు చూసుకోమనండి.