22వ ఫ్లోర్‌లో చెరువు కావాలంట!

ఫౌంటెన్లు, వాటర్‌ఫాల్స్, టెర్రస్ మీద పాండ్స్ గురించి అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకే చోట పెట్టాం. మొదటి ప్రశ్నకి జవాబు కాస్త పెద్దదైంది, ఏం చేయలేం, అందులో విషయం అంత ఉంది.

ప్రశ్న: నమస్తే అండీ. మాది 22వ ఫ్లోర్‌లో పెంట్‌హౌస్, టెర్రస్ బాగా పెద్దది. ఒక మూలన 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో పాండ్ కట్టించి వెనక గోడ మీంచి వాటర్‌ఫాల్ పడేలా చేయాలని మా ఆవిడ కోరిక. కాంట్రాక్టరేమో "ఏం పర్లేదు సార్, స్లాబ్ స్ట్రాంగే" అంటున్నాడు. ముందుకెళ్ళమంటారా?

జవాబు: ఆగండి. స్లాబ్ స్ట్రాంగో కాదో కాలితో తట్టి చెప్పేది కాదు, లెక్కేసి చెప్పేది. మీరు చెప్పిన సైజుకి నీళ్ళే దాదాపు 3400 లీటర్లు పడతాయి, లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి 3.4 టన్నులు, ఇందులో గోడలు, టైల్స్, రాళ్ళు, పంపు ఇవేవీ ఇంకా కలపలేదు. చదరపు మీటరుకి చూస్తే 600 కిలోలు దాటిపోతోంది. మామూలుగా ఇళ్ళ స్లాబులు మనుషుల కోసం, సామాన్ల కోసం చదరపు మీటరుకి 150 నుంచి 200 కిలోల ప్రాంతంలో లెక్క పెట్టుకుని డిజైన్ చేస్తారు. పైగా పార్టీకొచ్చిన జనం రాత్రికి ఇళ్ళకెళ్ళిపోతారు, నీళ్ళు వెళ్ళవు కదా, ఏడాదంతా అక్కడే కూర్చుంటాయి, ఆ బరువుకి కాంక్రీటు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వంగుతూనే ఉంటుంది. కాబట్టి బిల్డింగ్ స్ట్రక్చరల్ డ్రాయింగులు పట్టుకుని ఇంజనీర్ దగ్గరికెళ్ళి, బీములు, కాలమ్స్ ఎక్కడున్నాయో చూసుకున్నాకే ప్లేస్ ఫిక్స్ చేసుకోండి. గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చిన బాల్కనీ మీద అయితే అసలు ఆలోచనే వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. రెండడుగుల లోతు ఎందుకండీ? చేపలు పెంచాలనుకుంటే లోతు కావాలి, అది వేరే కథ. ఆకాశం, మొక్కలు నీళ్ళలో కనబడాలి, అంతే కదా, దానికి 10 సెంటీమీటర్లు చాలు. అడుగు భాగం నల్ల రాయో, డార్క్ గ్రే టైలో వేస్తే లోతెంతో చూసేవాళ్ళకి తెలియదు, ఎందుకంటే లోపల అడుగు కనబడకపోతే కంటికి పైన ప్రతిబింబం మాత్రమే అందుతుంది. నీళ్ళ బరువు చదరపు మీటరుకి 100 కిలోలకి వచ్చేస్తుంది. లేత నీలం టైల్స్ వేసి లోతు పెంచుకుంటూ పోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది, అంత బరువు మోసీ చివరికి స్విమ్మింగ్ పూల్ ముక్కలా కనబడుతుంది.

వాటర్‌ఫాల్ సంగతి ఇంకా తిరకాసు. అంత ఎత్తులో గాలి కింద ఉన్నట్టు ఉండదు, పిట్టగోడ దాటి వచ్చి సుడి తిరుగుతుంది, గోడ పైనుంచి పల్చటి అద్దంలా పడే నీళ్ళని ఎత్తుకెళ్ళి పక్కింటివాళ్ళ సోఫా మీద పోస్తుంది. అలా తెగకుండా పడాలంటే సెంటీమీటరు వెడల్పుకి గంటకి 150 లీటర్ల చొప్పున పంపు చేయాలని ఒక మోటు లెక్క ఉంది, అంటే మీటరు వెడల్పుకి గంటకి 15 వేల లీటర్లు, చిన్న పంపు కాదది. అందుకే నేను చెప్పేది, నీళ్ళు గాల్లో పడకూడదు, దేన్నైనా అంటిపెట్టుకుని జారాలి. కాశ్మీరులో నిషాత్ బాగ్ అనే తోటలో మొఘలుల కాలం నాటి ఏటవాలు రాతి పలకలున్నాయి, వాటిమీద నీళ్ళు పల్చగా జారతాయి, ఇలాంటి పలక మీద చేపపొలుసుల్లా చెక్కితే కొంచెం నీళ్ళే నురగతో మెరుస్తూ గలగలమంటూ దిగుతాయి. గాలికి చెదరవు, బరువూ లేదు, పెద్ద పంపూ అక్కర్లేదు. మీ గోడకి ఆనించి అలాంటి పలక ఒకటి పెట్టించండి, మీ ఆవిడ కోరికా తీరుతుంది.

ఇంకొకటి, పాండ్‌ని స్లాబ్ మీద నేరుగా కట్టించకండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది గానీ ఫైబర్‌గ్లాస్‌ది గానీ విడి తొట్టి చేయించి చిన్న స్టాండ్ల మీద నిలబెడితే, లీకైతే కింద కనబడుతుంది, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి చిల్లు పడదు, ఆ స్టాండ్లు కూడా ఎక్కడ ఆనాలో ఇంజనీర్‌నే అడగండి. రాళ్ళు అమర్చకముందే నీళ్ళు నింపి రెండు మూడు రోజులు వదిలేసి చూడాలి, ఎండకి కొద్దిగా తగ్గడం వేరు, కారడం వేరు. పక్కనే ఒక బకెట్లో నీళ్ళు పెట్టి రెండింట్లో ఎంతెంత తగ్గిందో పోల్చుకోండి, తేడా తెలిసిపోతుంది.

ప్రశ్న: ట్రాఫిక్ గోల వినబడకుండా ఉంటుందని బాల్కనీలో చిన్న ఫౌంటెన్ పెట్టాను. గోల పోలేదు సరికదా, ఎవరో ట్యాప్ కట్టేయడం మర్చిపోయినట్టు చప్పుడు, పిల్లలైతే బాత్రూమ్ సౌండ్ అని నవ్వుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: పిల్లలు కరెక్టుగానే చెప్పారు 😀 ఒకటే సన్నటి ధార పైనుంచి లోతులేని నీళ్ళలో పడితే అలానే వినబడుతుంది. నీళ్ళ సవ్వడి ఎక్కువగా వచ్చేది లోపల చిక్కుకున్న గాలి బుడగల వల్ల, మిన్నార్ట్ అనే సైంటిస్టు 1933లోనే దీన్ని లెక్కకట్టాడు, బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత సన్నగా ఉంటుంది. 2 మిల్లీమీటర్ల బుడగ 3 వేల హెర్ట్జ్ పైన కీచుమంటే, సెంటీమీటరు బుడగ 650 హెర్ట్జ్ దగ్గర గుబగుబలాడుతుంది. కాబట్టి ధార పడే చోట గిన్నె లోతు పెంచి చూడండి, ధారని మూడు నాలుగుగా చీల్చి వేరువేరు ఎత్తుల నుంచి రాళ్ళ మీద పడేలా మార్చండి, పంపుకి వాల్వ్ పెట్టించుకుని తిప్పుతూ వింటూ సెట్ చేసుకోండి, ఇది చెవితో చేసే పని, కేటలాగ్ చూసి కాదు.

అయితే ట్రాఫిక్ గోలని మింగేయడం మాత్రం మర్చిపోండి. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్క్ అనే చిట్టి పార్కులో వీధి రొదని కప్పేయడానికి 6 మీటర్ల ఎత్తు వాటర్‌ఫాల్ కట్టారు, అంత సరంజామా కావాలి దానికి. బస్సు ఇంజన్ల బొంగురు శబ్దం చిన్న ఫౌంటెన్‌కి లొంగదు. సౌండ్ పెంచే బదులు ఫౌంటెన్‌నే మీ కుర్చీ దగ్గరికి జరపండి, దూరం సగానికి తగ్గితే 6 డెసిబెల్స్ దాకా పెరిగినట్టు లెక్క, పక్క ఫ్లాట్ వాళ్ళ నిద్ర కూడా చెడదు.

ప్రశ్న: ఒకే తొట్టిలో కలువలు, మధ్యలో ఫౌంటెన్ పెట్టొచ్చా అండీ?

జవాబు: వద్దు. కలువకి కదలని నీళ్ళు కావాలి, ఆకుల మీద చినుకులు పడుతూ ఉంటే డల్ అయిపోతుంది. రోజుకి 5, 6 గంటలు ఎండ కూడా ఉండాలి. రెండూ కావాలంటే రెండు తొట్లు పెట్టుకోండి.

ప్రశ్న: మా బాబుకి ఏడాదిన్నర. టెర్రస్‌లో నీళ్ళు పెడితే దోమలొస్తాయని అత్తయ్య గారు, బాబు పడిపోతాడని మా అమ్మ, ఇద్దరూ వద్దంటున్నారు. నాకేమో చాలా ఇష్టం. ఏదైనా దారి ఉందా?

జవాబు: ఇద్దరు పెద్దవాళ్ళు చెప్పిందీ నిజమే. కొన్ని అంగుళాల నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు, అరుపు కూడా వినబడదు, కంచె వేశాం, చూస్తూ ఉంటాం అంటే చాలదు. మీ దారి ఏంటంటే పైన నీళ్ళే నిలవకూడదు. ట్యాంకు అడుగున ఉంటుంది, దాని మీద మనిషి నిలబడినా వంగని గట్టి గ్రిల్, చేత్తో ఎత్తలేని విధంగా బిగించి, దాని మీద గులకరాళ్ళు, మధ్యలో బెజ్జం వేసిన ఒక పెద్ద రాయి, ఆ బెజ్జంలోంచి నీళ్ళు ఉబికి రాయి ఒళ్ళంతా తడుపుతూ గులకరాళ్ళలోకి ఇంకిపోతాయి. బాబు చేతులు పెట్టి ఆడుకుంటాడు కూడా, మీరు పక్కనే ఉండి ఆడించండి.

దోమలకైతే గుడ్డు నుంచి దోమ అవడానికి వేడి వాతావరణంలో వారం పది రోజులు చాలు. కదిలే నీళ్ళలో గుడ్లు పెట్టడం తక్కువే గానీ పంపు ఆపి ఊరికెళ్ళారంటే అదే ట్యాంకు దోమల ఫ్యాక్టరీ, అందుకని ఊరెళ్ళేముందు మొత్తం ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో రుద్దాలి, డెంగ్యూ దోమ గుడ్లు తడి అంచుకి అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్ళు తీయడం కుదరకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు బిళ్ళలు వేయొచ్చు, దోమ పిల్లల్నే చంపుతుంది, చేపలకీ మనుషులకీ ఏమీ కాదు. లైట్లు 12 వోల్టులవే పెట్టించండి, నీళ్ళలో మునిగేవైతే వాటి మీద ఐపీ 68 అనే వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఉండాలి, సర్క్యూట్‌కి 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా పంపు ఆన్ చేయనివ్వకండి.

ప్రశ్న: హాల్లో నల్ల గ్రానైట్ వాటర్ వాల్ చేయించాం, చాలా రిచ్‌గా ఉండేది. కొన్ని నెలలకే తెల్ల చారలు. యాసిడ్‌తో కడగమంటున్నారు.

జవాబు: హార్డ్ వాటర్ అండీ. నీళ్ళు ఆవిరైపోతాయి, కాల్షియం రాయి మీదే ఉండిపోతుంది, మీరు తగ్గిన నీళ్ళకి మళ్ళీ అవే పోస్తారు, అలా ట్యాంకులో ఉప్పు చిక్కబడుతూ పోతుంది. ఘాటు యాసిడ్ వద్దు, పంపూ, స్టీలూ, పాలిష్ అన్నీ పోతాయి. పల్చటి సిట్రిక్ యాసిడ్ ఒక మూల ట్రై చేసి చూడండి, గ్రానైట్ కాబట్టి సరిపోతుంది, మార్బుల్ అయితే అదీ వద్దు. తర్వాత నుంచి ఆర్‌వో నీళ్ళు వాడండి, పైన పోసుకుంటూ పోకుండా అప్పుడప్పుడూ మొత్తం మార్చండి. ఇంట్లో ఫౌంటెన్‌కి ఇంకో జాగ్రత్త కూడా ఉంది, 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీళ్ళలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, సన్నటి తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా తెస్తుంది, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. శుభ్రం చేయడం, నీళ్ళు మార్చడం, డిస్‌ఇన్ఫెక్షన్ ఒక టైమ్ ప్రకారం జరగాలి, నీళ్ళు వేడెక్కించే హాలొజెన్ లైట్లు ట్యాంకులో ఉంటే తీసేయండి.

పంపు ఆపగానే గోడ మీదున్న నీళ్ళన్నీ ఒకేసారి కిందికి దిగుతాయి, ఆ మేరకి ట్యాంకులో ఖాళీ వదిలారో లేదో ఈరోజే చూసుకోండి, లేకపోతే కరెంట్ పోయిన రోజు మీ చెక్క ఫ్లోరింగ్ సంగతి అంతే.